వంద మీటర్లకు మూడు డిగ్రీలు

ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ రిపోర్టు చివరి పేజీ దాకా చదివినా రాజ్యానికి మొగుడి పేరు కనబడలేదు.

"అంతటా మీ ఆఫీసరు మురళీధర్ సారు పేరే ఉన్నది. నీదేదయ్యా?"

పరంధామయ్య పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. "పోనీ తియ్" అన్నాడు.

ఆమె రిపోర్టు చాప మీదికి విసిరేసింది. కీసర నుంచి ఘట్‌కేసర్ దాకా సర్వే ఆఫీసు వేసిన బోర్లన్నిటికీ రెండేళ్ళు తిరిగిందెవరు? పొద్దున్నే సైకిల్ కారియర్‌కు చెక్కపెట్టె కట్టుకుని పోయేవాడు. అందులో థర్మామీటరు, దాన్ని బోరులోకి దించే తీగచుట్ట. అతనికి ముందు ఆ పని చేసిన భూషణం, తీగ తెగి థర్మామీటరు లోపలే ఇరుక్కుంటే నౌకరీ పోగొట్టుకున్నాడు. తరువాత ఇతనికి ఆఫీసు కొత్త థర్మామీటరూ కొత్త తీగచుట్టా కొనిచ్చింది. అయినా ఇతను గడప దాటిన ప్రతిసారీ రాజ్యం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునేది. సాయంత్రం చొక్కా మాయకుండా తిరిగొస్తే దేవుడికి దండం పెట్టేది. ఇంటికి రాగానే పెట్టె మంచం కిందికి చేరేది. దానికి చీపురు కూడా తగలనిచ్చేవాడు కాదు.

లోతుకు పోయేకొద్దీ భూమి వేడెక్కుతుందని, ఆ వేడికి పుట్టే ఆవిరితో కరెంటు తీయొచ్చని ఆమెకు చెప్పింది అతనే. నౌకరీ పర్మనెంటు కావాలంటే రిపోర్టులో పేరుండాలని చెప్పిందీ అతనే.

మర్నాడు ఆమె ఒక్కతే ఉప్పల్‌లో సారు ఇంటికి వెళ్ళింది.

"మా ఆయన కష్టం మీరు తిన్నరు సార్" అంది గుమ్మంలోనే.

మురళీధర్ తల దించుకున్నాడు. "నాదే తప్పమ్మా. ప్రతి బోరులోనూ లోతుకు పోతే వంద మీటర్లకు సరిగ్గా మూడు డిగ్రీల వేడి పెరిగింది. ఆయన తెచ్చిన కొలతలు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. పేరు చేరుస్తాను. రేపు పైవాళ్ళు వస్తున్నారు, వాళ్ళ ముందు ఒక్క బోరు కొలిచి చూపించమనండి."

రాజ్యం కాళ్ళు నేలకు ఆనకుండా నాచారంలో ఇంటికి వచ్చిపడి, అంతా చెప్పింది. పరంధామయ్య ముఖం పాలిపోయింది.

"ఎవరు పొమ్మన్నరే నిన్ను?"

"నీ కోసమే పోయిన."

అతను చెప్పులేసుకుని బయటికి నడిచాడు. నలుగురి ముందు తెరిచే పెట్టె, తుడిచి పెడదామని ఆమె కళ్ళు ఒత్తుకుంటూ దాన్ని మంచం కిందినుంచి లాగి, మొదటిసారి మూత తీసింది.

తీగచుట్ట మీద ఫ్యాక్టరీ సీలు ఇంకా ఊడలేదు.