పంచాయతీ ఫ్రీజర్

సత్తమ్మ పొద్దున తొమ్మిదింటికి పోయింది. మే నెల. రేకుల ఇల్లు.

కూతురు సుమలత అప్పటికే భీవండిలో రైలెక్కింది. మరునాడు పొద్దున గాని జనగామలో దిగదు. "నేనొచ్చేదాక అవ్వను తియ్యకుండ్రి అన్నా" అని ఫోన్‌లో ఒకటే ఏడుపు.

కొడుకు చిరంజీవి భూపాలపల్లిలో బొగ్గు లారీల దగ్గర కాంట్రాక్టు పని చేస్తాడు. తల్లికి బాగాలేదంటే రెండేళ్ల తర్వాత ఇంటికి వచ్చాడు. వాళ్లది పాలకుర్తి దగ్గర ఒక శివారు పల్లె. పెద్దూరు మూడు కిలోమీటర్లు. అక్కడి పంచాయతీలో శవాలను ఉంచే ఫ్రీజర్ ఉంది. అది తెచ్చిన రోజు సర్పంచ్ వెంకట్రాం మాట్లాడిన వీడియో చిరంజీవి ఫోన్‌కూ వచ్చింది. "చావుకు పెద్దా చిన్నా లేదు. ఈ పెట్టె అందరిదీ" అన్నాడు. పెట్టె మీద దండం పెడుతున్న ఆయన ఫొటోనే అంటించారు.

చిరంజీవి బండి వేసుకుని పోయాడు. ఆఫీసులో పని చేసే ఐలేశ్ ఒక్కడే ఉన్నాడు. పెట్టె ఉండే గది ఖాళీ.

"సర్పంచ్ సారింటికి పోయింది తమ్మీ. చిన్నోడు పోయిండు," అన్నాడు ఐలేశ్ తల ఎత్తకుండా.



"అయ్యో. ఎన్నేండ్లుంటయి అన్నా?"

"పన్నెండు."

"ఏమైంది?"

"జెరమొచ్చింది. వరంగల్ దాక తీస్కపోయిండ్రు గని బతుకలే. అమ్మ నిన్నటిసంది మెతుకు ముట్టలే. పెద్దబాబు ఫారిన్‌ల ఉంటడు. ఆయనొచ్చి సూసేదాక పెట్టె ఆడనే ఉండాలన్నడు సారు."

చిరంజీవి బండి తిప్పుకుని ఇంటికొచ్చాడు. అవ్వ డెబ్బై ఏళ్లు బతికింది. పన్నెండేళ్లకే పోయినవాడి దగ్గర పెట్టె కోసం కొట్లాడాలంటే అతనికే నీచంగా అనిపించింది.

"సర్పంచింట్ల గంత చిన్న పిల్లగాడు ఎవలుండె?" అన్నాడు సంగతి విన్న తండ్రి పోశాలు.

"ఎవలైతేంది నాయినా. పిల్లగాడు పిల్లగాడే."

జనగామ నుంచి ఆటోలో మంచు దిమ్మెలు తెప్పించాడు. ఊకలో చుట్టి తెచ్చినా సగం దారిలోనే కరిగాయి. మూడింటికల్లా సత్తమ్మ పొట్ట ఉబ్బింది. మంచు నీళ్లు వాకిట్లోకి కారాయి. ఈగలు ముసిరాయి. వచ్చినవాళ్లు కొంగులూ తువ్వాళ్లూ ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగానే నిలబడ్డారు. అగరొత్తులు వెలిగిస్తే ఆ కంపు ఇంకా ఘోరమైంది.

చిరంజీవి ఇంటి వెనక్కి పోయి వాంతి చేసుకున్నాడు. కన్నతల్లిని చూస్తే రోత పుట్టింది. అలా అనిపించినందుకు తన మీద తనకు అంతకంటే ఎక్కువ రోత పుట్టింది.

"ఇగ ఆగద్దు బిడ్డా. దాన్ని గిట్ల ఆగం చెయ్యద్దు," అన్నాడు పోశాలు.

పొద్దు గూకకముందే మట్టి చేశారు.

తెల్లారి సుమలత వచ్చేసరికి పచ్చి మట్టికుప్ప మిగిలింది. ఆమె అన్న అంగీ పట్టుకుని గుంజింది.

"ఒక్కసారి అవ్వ మొకం సూడనియ్యకపోతివి. పెట్టె తెస్తనంటివి గద."

"పెట్టె సర్పంచింట్ల ఉన్నది చెల్లె. పన్నెండేండ్లకే పోయిండట చిన్నోడు. ఎట్ల అడుగుదు?"

సుమలత అంగీ వదిలేసింది. ఆమెకూ ఆ ఈడు కూతురుంది.  కొంగుతో మొహం తుడుచుకుంది.

"గా తల్లి ఎట్లున్నదో. పోయి జర పలకరించొద్దాం పా."

ఇద్దరూ బండి మీద పోయారు. సర్పంచ్ ఇంటి ముందు కార్లు. వాకిట్లో టెంటు. మండలం నుంచి వచ్చిన నాయకులు దండలు పట్టుకుని వరుసలో ఉన్నారు. ఎవరో అందరికీ చల్లటి నీళ్ల సీసాలు పంచుతున్నారు. పెద్దబాబు ఇంకా దారిలోనే ఉన్నాడట.

సర్పంచ్ భార్య కుర్చీలో కూలబడి ఉంది. సుమలత ఆమె చేతులు పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు.

తర్వాత సుమలత పెట్టె దగ్గరికి పోయింది. చిన్నోడి మొహమైనా చూద్దామని దండలు పక్కకు జరిపి వంగింది.

అద్దం కింద, పట్టుశాలువా కప్పుకుని, ముందుకాళ్ల మీద మూతి ఆనించి పడుకుని ఉంది ఒక తెల్లటి బొచ్చుకుక్క.