మేనమామ ఒడి

“ఆ సూది వద్దు సిస్టర్!” శోభన పాప చేతిని తన రెండు చేతులతో కప్పేసింది.

తిరువళ్ళూరు పిల్లల వార్డులో ఏడు నెలల పాప జ్వరంతో కాలిపోతోంది.

“డాక్టరమ్మ రాసిన మందే. చెయ్యి తీమ్మా,” అంది నర్సు.

“మా అన్నకు చిన్నప్పుడు జొరమొస్తే ఇట్లాంటి సూదులే వేసినారు. జొరంతోపాటు చెవులూ పోయినాయి. మా అమ్మ చెల్లెలికీ అంతే. డాక్టరమ్మ వచ్చేదాకా తియ్యను.”

అత్త రుక్మిణమ్మ పళ్ళు కొరికింది. “మీది చెవిటి శాపం తగిలిన వంశమని ఊరంతా చాటాల్నా? పాప చెవులు కుట్టేటప్పుడు ఆ చెవిటి మేనమామ ఒడిలో కూర్చోబెట్టొద్దని నేనన్నందుకే గదా, తిరుత్తణి గుడి నుంచి కుట్టించకుండానే తిరిగొచ్చినాము!”

“చాటుతాను అత్తా. నా బిడ్డ చెవులు నిలబడేదాకా చాటుతాను.”

ఆ గొడవకు డాక్టరమ్మే వచ్చింది. అంతా విని సూదిని పక్కన పెట్టించింది.

“తల్లి వైపు ఇద్దరికి పోయినాయంటే ఈ మందు వద్దు. కొన్ని కుటుంబాల్లో ఇది లోపలి చెవిని చంపేస్తుంది. వేరే మందు ఇస్తాను. చెప్పి మంచి పని చేసినావు.”

“అంటే, వాళ్ళది శాపం కాదా?” రుక్మిణమ్మ గొంతు తగ్గింది.

“కాదమ్మా. మందు చేసిన పని.”

కొత్త మందు ఎక్కుతుంటే పాప నిద్రపోయింది. రుక్మిణమ్మ పాప చెవి తమ్మెను నిమిరింది.

“మీ అన్నకు మెసేజ్ పెట్టు. పాప తేరుకోగానే ఆయన ఒడిలోనే చెవులు కుట్టిద్దాం.”

“నేను పెట్టను అత్తా. వద్దన్నది మీరు. పట్టాభిరామ్‌లో మా అన్న ఇంటికి పోయి మీరే పిలవాల.”

“నేను పిలిస్తే వినబడతాదా ఏంది?”

“పెదాలు చూసి తెలుసుకుంటాడు. ఆ పొద్దు గుడి దగ్గర మీరన్నదీ అట్లనే తెలుసుకున్నాడు.”