వీధి గుమ్మంలోంచి వచ్చిన బోణీ

“మొహమాటం పెట్టుకోకు. బేరానికి వచ్చాను, బేరంలాగే మాట్లాడు,” అంటూ రత్తమ్మ వీధి గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

దుర్గాశ్రీ గాభరాగా లేచి నిలబడింది. ధవళేశ్వరంలో ఇంటి ముందుగదిలోనే వెబ్‌సైట్లు చేసిపెట్టే కొట్టంటూ తెరిచిన దగ్గర్నుంచీ లాప్‌టాప్ మీద దుమ్ము తుడవడం తప్ప ఆమెకు పనిలేదు. ఇన్నాళ్ళకు ఒక బేరం గుమ్మం తొక్కింది. అదీ ఎవరు? రాజమండ్రి మార్కెట్లో నోరున్న మనిషిగా పేరుపడిన ఎండుచేపల రత్తమ్మ!

“కూర్చోండి... అంటే, కూర్చున్నారుగా. మంచినీళ్ళు తాగుతారా అండీ?”

“నీళ్ళు తర్వాత. ఎండుచేపలమ్ముకోడానికి నాకో వెబ్‌సైటు కావాలి. చెయ్యగలవా?”

“చేస్తానండి.”

“ఇంతవరకూ ఎన్ని చేశావు?”

అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ దుర్గాశ్రీ చెప్పలేకపోయింది. “మీదే బోణీ అండి. ఈ సాయంత్రంలోగా బోణీ కాకపోతే గది టైలరుకి అద్దెకిచ్చేస్తామన్నారు మా అత్తగారు.”

“అంత గయ్యాళా?”

“గయ్యాళి అనకూడదండి. మాటంటే మాటే, అంతే.”

“సరే, నీ పని చూపించు.”

దుర్గాశ్రీ డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచి ‘కొత్త ప్రాజెక్టు’ నొక్కింది. రెడీమేడ్ నమూనాలు వరసగా వచ్చాయి. చేపల వ్యాపారానికని ఉన్నదాన్ని ఎంచింది. తెర నిండా ఓ దొరగారు ప్రత్యక్షమయ్యాడు. పడవలో నిలబడి నవ్వుతున్నాడు, చేతుల్లో పేద్ద చేప.

“ఎవరాయన? మన రేవులో ఎప్పుడూ చూళ్ళేదే?” అంది రత్తమ్మ.

దుర్గాశ్రీ నాలుక కరుచుకుని ఆ ప్రాజెక్టు మొత్తం తీసేసింది. ఈసారి ఖాళీ పేజీతో మొదలుపెట్టింది.

“సైటుకి పేరేం పెట్టమంటారండి? మీ కొట్టు బోర్డు మీదున్నదేనా?”

“బోర్డు మీద మా ఆయన పేరుంది. ఎండలో నిలబడి చేపలు తిరగేసింది మాత్రం నేను. నా పేరు పెట్టు.”

ఆ మాటతో దుర్గాశ్రీకి ఎక్కడలేని హుషారూ వచ్చింది. ‘రత్తమ్మ’ అని టైపు చేసి, ఆ పేరుతోనే ఫోల్డరు చేసింది. మొదటి పేజీ, సరుకు పేజీ, ఆర్డరు పేజీ చకచకా తయారయ్యాయి. నెత్తళ్ళకు ఒక గడి, ఎండురొయ్యలకు ఒక గడి. ఫోన్లో ఎలా కనబడుతుందో కూడా చూపించింది.

“బాగానే ఉంది గానీ అమ్మాయ్, ఎండుచేప కొనేవాళ్ళు ముందు వాసన చూస్తారు. ఇందులో ఎలా చూస్తారు?”

చేతికొచ్చిన బేరం ఇక్కడే పోయేలా ఉంది. దుర్గాశ్రీ ఫోను చేతిలోకి తీసుకుంది.

“వాసన చూసేవాళ్ళు మార్కెట్టుకే వస్తారండి. ఇది రాలేనివాళ్ళకి. జంగారెడ్డిగూడెంలోనో హైదరాబాదులోనో ఉన్న మీ పాత బేరాలకి మీ మొహం కనబడితే చాలు, వాసన అదే గుర్తొస్తుంది. ఒక్కసారి ఇటు చూడండి.”

రత్తమ్మ కొంగు సర్దుకుని సిగ్గుగా నవ్వేలోపే ఫోటో తీసి మొదటి పేజీలో పెట్టేసింది. దొరగారు నవ్విన చోట ఇప్పుడు రత్తమ్మ నవ్వుతోంది.

ఆవిడ తెరను చాలాసేపు చూసుకుంది. తర్వాత గొంతు సవరించుకుంది. “బోణీ బేరం కదా, సగానికి చేస్తావా?”

“చెయ్యనండి. పని సగం చెయ్యట్లేదుగా!”

అనేశాక భయమేసింది. రత్తమ్మ మాత్రం పకపకా నవ్వి, బొడ్లోంచి సంచి తీసి అడ్వాన్సు బల్లమీద పెట్టింది. దుర్గాశ్రీ ఆ డబ్బు కళ్ళకద్దుకుంది. గెలిచానన్న సంతోషం పట్టలేక ఏడుపొచ్చేసింది.

“బోణీ అయిందిగా. ఇక గది సంగతేంటో మీ అత్తగారిని అడుగు,” అంది రత్తమ్మ.

“ఇప్పుడే అడగమంటారా?”

“ఇప్పుడే.”

దుర్గాశ్రీ కళ్ళు తుడుచుకుని, లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది.

వంగి, కుర్చీలో కూర్చున్న అత్తగారి కాళ్ళకు దణ్ణం పెట్టింది.