ఎడమకాలి చెప్పు

“ఏం బాబాయ్, ఇదేనా నీ పనితనం? మూడోసారి వచ్చాను!” అంటూ పోస్టుమ్యాన్ ఎడమకాలి చెప్పు తీసి పెట్టె మీద టపీమని పడేశాడు.

చెప్పులు కుట్టే పెద్దాయన తల ఎత్తలేదు. ఒళ్లో పరుచుకున్న గోనెగుడ్డ మీద ఎవరిదో బూటు పెట్టుకుని దారం బిగిస్తున్నాడు.

“మళ్లీ జారిందా?”

“జారడమా! ఎక్కడో ఊడే పోయింది. ఆ ఎండలో నాలుగిళ్లు తిరిగాక, ఎవరో పిలిచి ‘నీ చెప్పు ఏదయ్యా’ అంటే గానీ చూసుకోలేదు. మళ్లీ వెనక్కెళ్లి వెతుక్కొచ్చాను. తల తీసేసినట్టయింది.”

“అదిగో, ఆ డబ్బాలో మేకులున్నాయి. ఇలా అందుకో.”

పోస్టుమ్యాన్‌కు ఒళ్లు మండింది. ఈయనతో ఎప్పుడూ ఇదే గొడవ. పనిలో దిట్టే, కాదనలేం. కానీ కూర్చున్నచోటి నుంచి అంగుళం కదలడు. మేకులు కావాలన్నా, మంచినీళ్లు కావాలన్నా వచ్చినవాళ్లకే పురమాయింపు. పైగా గొప్పలు! గోనెగుడ్డ కింద నుంచి తొంగిచూసే తన చెప్పుల ముక్కులు చూపించి, “నేను కుట్టుకున్నవే. మూడేళ్లయింది. ఒక్క కుట్టు ఊడితే మీసం గొరిగించుకుంటా” అంటాడు ప్రతివాడితోనూ. నిజమే, అవి నిన్న కుట్టినట్టే ఉంటాయి.

“త్వరగా కానివ్వు బాబాయ్. ఇంకా సగం సంచి మిగిలే ఉంది.” డబ్బా అందించి, కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

పెద్దాయన చేతిలో దారం ఆగిపోయింది. అతని నడకే చూస్తున్నాడు.

“నడుం నొప్పేమన్నా ఉందా?”

“పదిరోజులు చంపుకుతింది. నడుం వాల్చితే ఒట్టు. ఈ పొద్దుటినుంచే హాయిగా ఉంది. తగ్గిపోయినట్టే.”

“జ్వరం?”

“కాస్త వెచ్చబడుతోంది. ఎండన పడి తిరిగే ఉద్యోగం కదా! నువ్వు చెప్పులు కుడతావా, వైద్యం చేస్తావా?”

“ఒంటిమీద గడ్డగానీ లేచిందా?”

పోస్టుమ్యాన్ ఉలిక్కిపడ్డాడు. సంచి పట్టీ ఒరుసుకునే భుజం మీద నెల కిందట సెగ్గడ్డ లేచింది. తనే పిండేసుకున్నాడు. ఇంట్లో ఆవిడకి కూడా చెప్పలేదు.

“కాలు ఈ పెట్టె మీద పెట్టు. కళ్లు మూసుకో” అన్నాడు పెద్దాయన.

“మూసుకున్నా. ఊఁ, ఏం చేస్తావో చెయ్యి.”

“చేసేశాను.”

కళ్లు తెరిచి చూస్తే పెద్దాయన వేళ్ల మధ్య మేకు ఉంది. తన బొటనవేలి మీద చిన్న నెత్తురుబొట్టు ఉంది. అతనికి గుచ్చినట్టే తెలియలేదు.

“తప్పు చెప్పులో లేదు, కాల్లో ఉంది. నొప్పి తగ్గలేదు అబ్బాయ్, నీకు తెలియడం తగ్గింది. ఈ క్షణమే పెద్దాసుపత్రికి పో. ఉత్త నడుం నొప్పని చెప్పకు. జ్వరం, గడ్డ, కాలి తిమ్మిరి, అన్నీ కలిపి చెప్పు. మాత్రలిచ్చి పొమ్మంటే కదలకు.”

“మరి ఉత్తరాలో?”

“కాళ్లుంటే ఎప్పుడైనా పంచొచ్చు!” పెద్దాయన పెట్టిన కేకకి మలుపులో పోతున్న ఆటో వచ్చి ఆగింది.

“నువ్వూ రా బాబాయ్. నాకు భయంగా ఉంది.”

“నాకు పనుంది. పో!”

ఎంత రాయి మనిషి అనుకున్నాడు, ఆటో ఎక్కుతూ.

ఆసుపత్రిలో పెద్దాయన అన్నట్టే అయింది. మాత్రలు రాసి పొమ్మన్నారు. అతను కదల్లేదు. చెప్పమన్నవన్నీ మళ్లీ మళ్లీ చెప్పాడు. చివరికి స్కానింగ్ తీయించారు.

“వెన్నుపాము పక్కన చీము చేరి దాన్ని నొక్కేస్తోంది” అంది డాక్టరమ్మ. “ఇప్పుడే ఆపరేషన్ చేసి తీసెయ్యాలి.”

“నడుస్తానా అమ్మా?”

“నడిచి వచ్చారుగా, అదే మన అదృష్టం. కాళ్లు పూర్తిగా పడిపోయాక వచ్చుంటే నేనేమీ చెప్పలేకపోయేదాన్ని.”

ఆపరేషన్ అయింది. ఆరు వారాలు నరానికి మందు ఎక్కిస్తూనే ఉన్నారు. రోజూ పొద్దున్నే దుప్పటి తీసి, ఎడమకాలి బొటనవేలు కదులుతోందో లేదో చూసుకోవడమే అతని పని. కదిలిన రోజు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

“అంత హడావిడి చేసి పంపిన మనిషి, ఒక్కసారైనా తొంగిచూశాడా?” అంది అతని భార్య. అతని మనసులోనూ అదే ముల్లు.

మూడో నెలలో చేతికర్ర పట్టుకుని తనే వెళ్లాడు.

“వచ్చావా! ఏదీ, ఇటు నడువు, అటు నడువు. చూడనీ!” పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అంత చూడాలనుంటే ఆసుపత్రికే రావలసింది” అన్నాడు పోస్టుమ్యాన్ నిష్ఠూరంగా. పెద్దాయన నవ్వి మళ్లీ సూది అందుకున్నాడు.

“ఇంతకీ నీకెలా తెలిసింది బాబాయ్?”

“నాకు తెలిసినాయన ఒకడున్నాడులే. ఇదే గడ్డ, ఇదే నొప్పి. ఓ పొద్దున నొప్పి పోయిందని సంబరపడ్డాడు. రెండు రోజులు ఆలస్యం చేశాడు.”

“అయ్యో! ఏమయ్యాడు?”

“ఏమవుతాడు? లక్షణంగా పని చేసుకుంటున్నాడు. ఆ మేకు కింద పడింది, కాస్త అందుకో.”

మళ్లీ పురమాయింపే! పోస్టుమ్యాన్‌కు నవ్వొచ్చింది. కర్ర మీద ఆనుకుని మెల్లగా కూర్చున్నాడు. గోనెగుడ్డ అంచు పక్కకి తొలిగి ఉంది. చాపిన పెద్దాయన పాదాలు అతనికి ఎదురుగా, చెప్పులతో సహా కనిపించాయి.

మూడేళ్ల ఆ చెప్పుల అడుగున ఒక్క గీత కూడా లేదు.