శాటిస్‌ఫ్యాక్టరీ ఆయమ్మ

"ఎక్సలెంట్ అని కొట్టావేంటయ్యా! ఎవరు చెప్పారు నీకు?"

హెడ్‌మిస్ట్రెస్ కాగితాన్ని గుమాస్తా మీదికి విసిరింది. విసరడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి. పుస్తకం, సుద్దముక్క, మాట, ఏదైనా సరే.

మాటలు వినపడనంత దూరంలో, వరండా చివర ఆయమ్మ నిలబడి ఉంది. పదకొండేళ్ళుగా ఆ బడిలో ఎల్‌కేజీ పిల్లల ముక్కులూ మూతులూ తుడిచిన మనిషి. ఇప్పుడు కూతురికి నెలలు నిండుతున్నాయి. కూతురుండే వీధిలోనే ఇంకో బడిలో ఆయా పని ఖాళీగా ఉంది. ఎలా పనిచేసిందో పాత బడి నుంచి కాగితం రాయించుకొస్తేనే తీసుకుంటామన్నారు.

"పదకొండేళ్ళు చేసింది కదండీ, మేడం," గుమాస్తా నసిగాడు.

"చేస్తే? గాడిద కూడా మోస్తుంది. శాటిస్‌ఫ్యాక్టరీ అని కొట్టు."

"రెండూ బాగా చేసిందనే కదండీ?"

"నీ మొహం! ఎక్సలెంట్ అంటే పిలిచి పీట వేస్తారు. శాటిస్‌ఫ్యాక్టరీ అంటే గుమ్మంలోనే మంచినీళ్ళిచ్చి పంపేస్తారు. ఆయమ్మ పోతే ఏడ్చే నలభై మంది పిల్లల్నీ ఎవరు ఎత్తుకుంటారు? నువ్వా?"

గుమాస్తా మళ్ళీ టైపు కొట్టాడు. ఆవిడ సంతకం గీకి, ఆయమ్మని లోపలికి పిలిచి, మొహానికింత నవ్వు పులుముకుంది.

"చాలా గొప్పగా రాశానే. వెళ్ళు, బాగుపడు."

"మీ కడుపు చల్లగుండ, మేడంగారూ!" అంది ఆ వెర్రిబాగులది, కవరు కళ్ళకద్దుకుని.

గుమాస్తా తలెత్తలేదు.

మర్నాడు కొత్త బడిలో కరస్పాండెంటు ఆ కవరు చింపాడు. పెద్దాయన. చదివాడు. కింద సంతకం చూసి మళ్ళీ మొదట్నించి చదివాడు. కిసుక్కున నవ్వాడు. ఆయమ్మ కొంగు గట్టిగా పట్టుకుంది.

"రేపే వచ్చి చేరమ్మా," అన్నాడాయన.

ఆయన కోడలు ఆ బడిలోనే లెక్కల టీచరు. ఆమె కాగితం అందుకుని చూసింది.

"ఇదేంటి మావయ్యా, ఉత్త శాటిస్‌ఫ్యాక్టరీ అనే ఉంది! ఇంతకంటే తిట్టుంటుందా?"

"వదులుకోలేని మనిషికి ఎక్సలెంట్ అని ఎవరు రాసిస్తారమ్మా?" అన్నాడు పెద్దాయన. "ఆరేళ్ళ కిందట ఈ సంతకం పెట్టిన మహాతల్లిని మన బడి నుంచి వదిలించుకోవడానికి, ఎక్సలెంట్ అని రాసిచ్చి పంపింది నేనే."