సగం బిగిసిన బోల్టు

“కారు దానంతటదే ఆగిందా, పొరపాటున మీరే ఆపారా?” అని అడిగింది లినెట్. కార్ల కంపెనీ తరఫున మాట్లాడటానికి పెద్దాఫీసు నుంచి వచ్చిందావిడ.

రోండాకి కళ్ళనీళ్ళు తిరిగాయి. “హైవే మీద, అటూ ఇటూ లారీలు పోతుంటే, వెనక సీట్లో మూడేళ్ళ పిల్లని పెట్టుకుని నేనెందుకు ఆపుతానండీ? కొన్న ఐదు నెలల్లో ఆరుసార్లు ఆగింది. ఇప్పుడు మా జూనీ ఆ కారు చూస్తేనే ఏడుస్తోంది. ఇంక బాగుచెయ్యడాలూ వద్దు, ఏమీ వద్దు. దాన్ని తీసుకుపోయి నా డబ్బు నాకిచ్చెయ్యండి.”

“అలా అడుగు తల్లీ!” అని బల్ల మీద ఒక్కటి చరిచాడు పక్కనున్న తండ్రి డెల్బర్ట్.

“మీరు సాక్షి. అడిగినప్పుడు చెబుదురుగాని,” అన్నాడు ప్రెస్కాట్. ఆ తగువు తీర్చాల్సిన పెద్దమనిషి ఆయనే. కొత్త కారుని నాలుగుసార్లు రిపేరుకిచ్చినా అదే రోగం తిరగబెడుతుంటే కంపెనీ వెనక్కి తీసుకోవాలని మిషిగన్‌లో చట్టముంది. లెమన్ చట్టం అంటారు. రోండా ఆశంతా దాని మీదే.

డెల్బర్ట్ నోరు ఊరుకునే రకం కాదు. ఆ కారు తయారైన ప్లాంటులోనే ముప్పై ఒక్కేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. పరాయి కంపెనీ కారు తన వాకిట్లో నిలబడనివ్వడు. ఓసారి అల్లుడు అలాంటి కారేసుకొస్తే, వీధి చివర పెట్టించి మంచులో నడిపించుకొచ్చాడు. కూతురిచేత పట్టుబట్టి ఈ కారు కొనిపించింది కూడా ఆయనే. అందుకే ఇప్పుడింత మంట.

“ముప్పై ఒక్కేళ్ళు మా ఉప్పు తిన్నారు. ఇప్పుడు మామీదే సాక్ష్యమా?” అని దెప్పింది లినెట్.

“ఊరికే పెట్టారా ఉప్పు? రెండు మోకాళ్ళూ అరిగేదాకా చాకిరీ చేశాను! కారు బంగారమే. చేసేవాళ్ళే చెడ్డారు. ఇప్పుడొస్తున్నవాళ్ళకి పని కన్నా ఫోను ముద్దు. మా రోజుల్లో అయితేనా...”

“నాన్నా, నీకు పుణ్యముంటుంది, ఊరుకో,” అని గొణిగింది రోండా.

ప్రెస్కాట్ కళ్ళజోడు సర్దుకుని ఒక కాగితం తీశాడు. పోయిన వారం ఆయన పంపిన మెకానిక్కు కారంతా విప్పి చూసి రాసిచ్చింది. “మీ డీలరు బ్యాటరీ మార్చాడు, సెన్సార్లు మార్చాడు, లోపలి కంప్యూటరూ మార్చాడు. రోగమొకటైతే మందొకటి. అసలు సంగతి డాష్‌బోర్డు కింద ఉంది. కరెంటు తీగని కారు బాడీకి పట్టి ఉంచే బోల్టు ప్లాంటులోనే సగం బిగించి వదిలేశారు. గతుకు తగిలినప్పుడల్లా తీగ లేస్తోంది, ఇంజను ఆగిపోతోంది.”

“అంతేనా! నిమిషంలో బిగించేస్తాం,” అంది లినెట్, ప్రాణం లేచొచ్చి.

“నాలుగుసార్లు మీ చేతికే ఇచ్చింది కదమ్మా. అప్పుడు దొరకలేదా ఆ నిమిషం?” అన్నాడు ప్రెస్కాట్. “చట్టం ప్రకారం మీ వంతు అయిపోయింది. ఆమె తిరిగిన మైళ్ళకి కాస్త తగ్గించుకుని, మిగతాదంతా ఇచ్చేసి, కారు తీసుకెళ్ళండి.”

రోండా రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరుమంది. ఇన్నాళ్ళూ తాళం తిప్పినప్పుడల్లా గుండె దడదడలాడేది. “అమ్మయ్య! ఇంక వేరే కారు కొనుక్కుని, పిల్లని ఎక్కించుకుని నిశ్చింతగా వెళ్ళొచ్చు,” అంది, ఏడుపులోనే నవ్వుతూ. ఓడిపోయిన లినెట్ కూడా మెత్తబడి, “పోన్లెండి, పాపకేం కాలేదు. అదే పదివేలు,” అంది.

అక్కడితో లేచి ఇంటికెళ్ళిపోతే బావుండేది. డెల్బర్ట్ లేస్తేగా!

“ఆ బోల్టు నా జాగాలోదే!” అన్నాడు, కుర్చీ ముందుకు లాక్కుని. “పగటి షిఫ్టులో తొమ్మిదేళ్ళు నేనే బిగించాను. ఒక్కనాడూ నాగా పెట్టలేదు. రెండున్నరకి ఆఖరి గంట మోగేదాకా దానిమీద ఇంకొకడి చెయ్యి పడనివ్వలేదు. నా తర్వాత అక్కడికొచ్చినవాడు ట్రెవర్. వాడే, వాడి పనే ఇది! దగ్గర కూచోబెట్టుకుని నేర్పానే, నా మనవరాలి ప్రాణం మీదకే తెస్తాడా? ఇవాళే వెళ్ళి అందరి ముందూ కడిగేస్తాను!”

“వదిలెయ్యండి. మీ అమ్మాయికి రావలసింది వచ్చింది కదా,” అన్నాడు ప్రెస్కాట్.

“ఎలా వదులుతానండీ? ఆ కారు ఏ రోజు తయారైందో ఈవిడ ఫైల్లో ఉంటుంది. చదవమనండి. తేదీ మొహాన కొడితే వాడింక బుకాయించలేడు.”

“అవన్నీ కంపెనీ లోపలి సంగతులు. ఇప్పుడెందుకు?” అంది లినెట్.

“ఏం, భయమా?”

ఆ మాటతో లినెట్‌కి ఒళ్ళు మండింది. ఫైలు లాగి, కాగితాలు గబగబా తిప్పి, గట్టిగా చదివింది. “మార్చి ఇరవై ఎనిమిది, శుక్రవారం. పగటి షిఫ్టు. మధ్యాహ్నం రెండూ ఇరవై.”

రాసుకుందామని జేబులోంచి పెన్ను తీసినవాడు తీసినట్టే ఉండిపోయాడు డెల్బర్ట్. రోండా తండ్రి మొహంలోకి చూసింది. వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకుంది. కళ్ళు తుడుచుకుంటున్నదల్లా పగలబడి నవ్వేసింది.

“అది నువ్వు రిటైరైన రోజు కదా నాన్నా!”