లెన్స్ ముందు అద్దం

మా స్టూడియోలో ఫొటోలు తీసేది బావమరిది, ఆల్బమ్ చేసేది నేను. లెన్స్ మీద గీతలు పడతాయని వాడు దాని ముందు ఫిల్టర్, అంటే రింగులో అమర్చిన అద్దం, బిగించాడు. అంత మంచి లెన్స్ కొని దానికి కిటికీ అద్దం అడ్డం పెట్టేవాణ్ణి ఏమనాలి?

ఇవాళ ఆల్బమ్ కోసం వచ్చినావిడ ముందే వాణ్ణి కడిగేశాను.

"చూడండమ్మా, మీ పాప జుట్టంతా మసక. ఒక్క వెంట్రుకా విడిగా కనిపించట్లేదు. అంతా ఆ ఫిల్టర్ చలవే. ఏడాదిగా మొత్తుకుంటున్నా, వింటేగా."

వాడు కెమెరా తెచ్చి నా ముందు పెట్టాడు.

"నువ్వే తీసెయ్ బావా."

ఆ లెన్స్ నేనెప్పుడూ ముట్టుకోలేదు, వాడు ముట్టుకోనిస్తే కదా. పంతం కొద్దీ ఫిల్టర్ మీద వేలు పెట్టాను. వేలు రింగులోంచి దూరి నేరుగా లెన్స్‌కే తగిలింది.

"నీ నోరు పడలేక మూడు నెలల కిందటే అద్దం పీకేశా," అన్నాడు. "రింగొక్కటే ఉంచా, ఇంకా ఎన్నాళ్ళు తిడతావో చూద్దామని."

"మరి ఈ ఫొటోలు?"

"పోయిన వారం తీసినవి."

వాడు నవ్వను కూడా నవ్వలేదు.

ఆవిడ ఆల్బమ్ తన వైపు తిప్పుకుంది. "ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టుకునేలా ఉంది కదండీ," అంది, నా ముఖంలోకి అదోలా చూస్తూ.

చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

మసక అలాగే ఉంది.